ఆరు వందల లీటర్ల ఉప్పునీటి తొట్టికి మంచినీళ్లు ఎక్కణ్ణుంచి?

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు నన్ను మొదట చేపల గురించి అడుగుతారు, ఆ తరవాత లైట్ల గురించి, మరీ ఓపిక ఉన్నవాళ్లైతే ఉప్పు గురించి. నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగేవాళ్లు తక్కువ. వంటింట్లో ఆర్.ఓ. ఫిల్టరు ఎలాగూ ఉంది, లేదంటే వీధి చివర ఇరవై లీటర్ల క్యాను దొరుకుతుంది అన్న ధీమా అందుకు కారణం కావచ్చు. నాకు తెలిసినంతలో పెద్ద తొట్టి నాలుగేళ్లు నిలబడుతుందా, నాలుగు నెలల్లో పాచి పట్టి మూలపడుతుందా అన్నది చాలావరకు ఈ నీళ్ల ప్రశ్న మీదే ఆధారపడుతుంది. అందులోనూ హైదరాబాదు అపార్టుమెంటులో, ఒకే కుళాయిలో సోమవారం ఒక నీరు, గురువారం మరో నీరు వచ్చే చోట, ఫిల్టరు ఏ కంపెనీది కొన్నామన్నదాని కంటే ఆ ఫిల్టరులోకి వెళ్తున్నదేమిటో తెలుసుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం.

ముందు తొట్టి సంగతి చెబుతాను. తొట్టి, దాని కింద అల్మరాలో ఉన్న ఫిల్టరు పెట్టె కలిపి సుమారు 600 లీటర్ల నీరు తిరుగుతుంది. అందులో క్లౌన్ చేపలు, డామ్సెల్ చేపలు, ఒక టాంగ్ చేప, క్లీనర్ రొయ్యలు, అద్దం మీది పాచి తినే నత్తలు ఉన్నాయి. పగడాలు లేవు. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కాబట్టి, దుకాణదారు లోపలి గదిలోంచి తెచ్చి ఎంత ముచ్చటగా చూపించినా, మన సముద్రంలోంచి తీసిన పగడాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు. పగడాలు లేవు కదా అని నీటి విషయంలో వెసులుబాటేమీ దొరకదు, ఎందుకంటే రాగి వంటి లోహాలు పగడాలకు ఎంత ప్రమాదమో రొయ్యలకూ నత్తలకూ అంతే ప్రమాదం.

ఇటువంటి తొట్టికి నీళ్లు రెండు పనులకు కావాలి. వారానికోసారి పదో వంతు నీరు తీసేసి, కొత్తగా కలిపిన ఉప్పునీరు పోయడం ఒకటి. రోజూ ఆవిరైపోయే నీటిని భర్తీ చేయడం రెండోది. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు గానీ అసలు చిక్కంతా రెండోదానిలో ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో కరిగి ఉన్నవన్నీ తొట్టిలోనే మిగిలిపోతాయి. పొయ్యి మీద మరిచిపోయిన చారు ఇగిరినకొద్దీ ఉప్పెక్కినట్టే ఇదీను. మూతలేని తొట్టి, నీటిని చల్లబరచడానికి పైన పెట్టిన ఫ్యాను, హైదరాబాదు ఏప్రిల్ ఎండ కలిస్తే రోజుకు 8 నుంచి 12 లీటర్ల దాకా ఎగిరిపోతుంది. తక్కువ అంచనాయే తీసుకుని 8 లీటర్లనుకుంటే ఏడాదికి 2,920 లీటర్లు. ఆ భర్తీ నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కరిగిన పదార్థాలు ఉన్నాయనుకోండి, తాగడానికి అది చక్కని నీరే, కానీ ఏడాది తిరిగేసరికి 292 గ్రాములు తొట్టిలో పోగుపడతాయి. 600 ఉన్న బోరు నీళ్లయితే ఆ లెక్క కిలో ముప్పావుకు చేరుతుంది. పోగుపడేది సముద్రంలో ఉన్న పాళ్లలోనే ఉంటే ఇంత గొడవ లేదు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటే అందులో సోడియం, క్లోరైడులదే సింహభాగం, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు. మన బోరు నీటిలో బైకార్బొనేటు, సున్నం, సిలికా, నైట్రేటు ముందు వరసలో ఉంటాయి. వారం వారం నీళ్లు మార్చినా వీటిలో కొంత భాగమే పోతుంది, మిగతాది పేరుకుంటూనే ఉంటుంది.

"మేం తాగే నీళ్లు చేపలకు పనికిరావా?" అని ఇంటికొచ్చిన చుట్టాలు అడుగుతూ ఉంటారు. నిజంగానే పనికిరావు, అందులో నీళ్లను తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం కరిగిన మొత్తం ఘనపదార్థాలు (టీడీఎస్) లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే వనరు లేనప్పుడు 2,000 దాకా అనుమతిస్తారు. నైట్రేటు 45 వరకు ఒప్పుకుంటారు. రాగి 0.05 ఉంటే మంచిది, తప్పనప్పుడు 1.5 దాకా ఉన్నా తాగవచ్చు. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే వేరే తొట్టిలో పెట్టి రాగి మందు వేస్తారు, ఆ మందు మోతాదు లీటరుకు సుమారు 0.2 మిల్లీగ్రాములు. ఆ మోతాదుకే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. మనిషికి క్షేమమైన గరిష్ఠ పరిమితి దానికి ఏడు రెట్లకు పైనే ఉంది. మన కాలేయం చేసే పని రొయ్య శరీరం చేయలేదు మరి.

వంటింటి ఆర్.ఓ. సంగతి దీనికి ముడిపడినదే. గోడకు బిగించే ఫిల్టర్లలో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. నీరు మరీ చప్పగా ఉండకుండా, వడకట్టని నీటిని కొంత, కరిగిన లవణాలను ఆపే ఆర్.ఓ. పొర దాటించకుండానే పక్కదారిన తెచ్చి కలపడం దాని పని. దాని తరవాత మినరల్ కార్ట్రిడ్జి ఒకటి ఉంటుంది. ఈమధ్య వస్తున్న వాటిలో నీటికి రాగిని చేర్చే కార్ట్రిడ్జి కూడా ఉంటోంది, రాగి చెంబులో నీళ్ల మీద మనకున్న గురిని సొమ్ము చేసుకునే ఉపాయం అది. తాగేవాళ్లకు దానివల్ల ఒరిగేదేమిటో నేను చర్చించను గానీ, అటువంటి యంత్రం నుంచి ఒక్క చెంబు నీరైనా రొయ్యలున్న తొట్టిలో పోయకూడదు. రాగి కార్ట్రిడ్జి లేని యంత్రమే ఇంట్లో ఉంటే, పొర నుంచి బయటికొచ్చే తెల్ల గొట్టాన్ని కంట్రోలరుకు ముందే విప్పి పట్టుకుంటే నీరు పనికొస్తుంది. కాకపోతే నెలకు వందల లీటర్లు దాని మీద తీస్తే ఇంట్లో తాగేవాళ్లకు, ఫిల్టరుకు ఇద్దరికీ కష్టమే.

క్యాను నీళ్ల విషయంలో నాకు మా కాలనీ వాటర్ ప్లాంటు యజమాని చెప్పిన మాట ఏ పుస్తకం కంటే ఎక్కువ ఉపయోగపడింది. షట్టరు లోపల స్టీలు ఫ్రేముకు బిగించిన పొడుగాటి పొర గొట్టాలు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, చివర నీలి యూవీ దీపం, అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా క్యానులో టీడీఎస్ మీటరు ముంచితే లీటరుకు 85 మిల్లీగ్రాములు చూపించింది. కారణం అడిగితే ఆయన ఏమీ దాచలేదు. "రుచి కోసం పచ్చి నీళ్లు జర కలుపుతం సార్. ఉత్త ఫిల్టర్ నీళ్లిస్తే సప్పగున్నయని క్యాన్ వాపస్ పంపుతరు" అన్నాడు. కలపకముందు, పొరల దగ్గరి కుళాయి నుంచి పట్టిస్తావా అన్నా అంటే నవ్వి పట్టించాడు. మీటరు 19 చూపించింది. ఆ కుళాయి నీటిని మన సొంత క్యానుల్లో తెచ్చుకుని, ఇంట్లో డీ.ఐ. రెజిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే చిన్న పూసలు) గుండా పంపితే అది నిక్షేపంగా పనికొస్తుంది. చిన్న తొట్టి ఉన్నవాళ్లకు, అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వని యజమాని ఉన్నవాళ్లకు నేను ఈ దారే చెబుతాను. వందల లీటర్ల తొట్టికి మాత్రం లిఫ్టు పనిచేయని రోజున ఆ క్యానులు మోసేది ఎవరన్న ప్రశ్న వస్తుంది.

ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఇంకో దారి. డబ్బా మీద డిస్టిల్డ్ అని రాసి ఉన్నా లోపలున్నది చాలాసార్లు కాచి చల్లార్చినది కాదు, రెజిన్ గుండా పంపిన నీరే. అది తప్పు కాదు, పైగా మన పనికి అదే కావాలి. సీలు ఉన్న డబ్బా తెచ్చి మీటరులో సున్నా, ఒకటి వచ్చిందంటే తొట్టిలో పోయవచ్చు. కానీ ఒక్కో దుకాణంలో ఒక్కో అంకె, ఒకే దుకాణంలో కూడా ఒక్కో నెల ఒక్కో అంకె వస్తుంది. ఆసిడ్ సీసాల పక్కన తెరిచి పెట్టిన డబ్బాల జోలికి అసలే పోకూడదు. అత్యవసరానికి రెండు డబ్బాలు ఇంట్లో ఉంచుకోవడం వరకు మంచిదే. ఏసీ నుంచి బొట్లు బొట్లుగా కారే నీటిని కూడా బకెట్లో పడతారు కొందరు, మీటరులో అది చాలా తక్కువే చూపిస్తుంది. అయితే అది రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీద నుంచి, వాటి మీది దుమ్ము, పాచి కడుక్కుంటూ వచ్చిన నీరు కాబట్టి మొక్కలకే పోస్తాను.

విశాఖలోనో కాకినాడలోనో ఉన్న మిత్రులు సముద్రమే పక్కనుండగా మాకీ బాధ ఎందుకంటారు. వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఒడ్డున బకెట్టు ముంచి తెచ్చేది పట్నం మురుగు, ఓడరేవు నూనె కలిసిన నీరు. దాన్ని నమ్మలేకే రొయ్య పిల్లల హేచరీలవాళ్లు సముద్రపు నీటిని ఇసుక ఫిల్టర్ల గుండా వడకట్టి, క్లోరిన్ వేసి క్రిములను చంపి, ఆ క్లోరిన్ పోయేదాకా గాలి కొట్టి, అప్పుడు గాని వాడరు. పైగా బంగాళాఖాతం అరేబియా సముద్రంలాంటిది కాదు. వర్షాకాలంలో గంగ మొదలు గోదావరి, కృష్ణల దాకా నదులన్నీ వచ్చి పడటంతో ఆ తరవాతి నెలల్లో మన తీరంలో పైపొర నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఇక రెండో మాట, సముద్రం నీరు ఎంత చక్కగా దొరికినా దానితో ఆవిరిని భర్తీ చేయలేం. పోయింది మంచినీరు కాబట్టి పోయాల్సిందీ మంచినీరే. బీచ్ రోడ్డులో ఇల్లున్నవాడికి కూడా ఆర్.ఓ. తప్పదు.

సముద్రాన్ని ఎండబెడితే వచ్చిందే కదా కళ్లుప్పు, అది కలిపితే సరిపోదా అని కూడా అడుగుతారు. చినగంజాం, నౌపడ ఉప్పు కొఠార్లలో నీరు ఇంకేటప్పుడు సున్నం జిప్సంగా ముందే కిందికి దిగిపోతుంది, ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చేదు నీటిలో మెగ్నీషియం, పొటాషియం వెళ్లిపోతాయి. మన చేతికి వచ్చేది దాదాపు సోడియం క్లోరైడు మాత్రమే. అందువల్ల అక్వేరియం కోసం అన్నీ పాళ్లలో కలిపిన ఉప్పే కొనాలి. లీటరుకు సుమారు 37 గ్రాములు, అంటే వారానికి 60 లీటర్లకు రెండు కిలోల పైచిలుకు పడుతుంది. అంత ఖరీదైన ఉప్పును ఏ నీటిలో కలుపుతున్నామో చూసుకోకపోతే ఆ పాళ్లన్నీ మొదటి రోజే తప్పుతాయి.

ఇప్పుడు కుళాయి దగ్గరికి వస్తాను. మేమున్నది నిజాంపేట వైపు. నగరానికి మంజీర, సింగూరు నీళ్లున్నాయి, 2004 నుంచి కృష్ణ నీళ్లు, ఆ తరవాత ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వచ్చాయి. ఏ నది నీరు వచ్చినా మా వాచ్‌మన్ దృష్టిలో అవన్నీ మంజీర నీళ్లే. ఆ నీరు రోజు విడిచి రోజు సంపులో పడుతుంది. చాలనప్పుడు బోరు నీటిని అదే సంపులోకి వదులుతారు, ఎండాకాలంలో బోరు కూడా చేతులెత్తేస్తే ట్యాంకరు వస్తుంది. ఈ మూడూ ఏ పాళ్లలో కలిశాయో ఎవరికీ తెలియదు, అడిగినా చెప్పేవారుండరు. నా మీటరు మీద నది నీరు ఒక్కటే ఉన్న రోజు 250 ప్రాంతంలో ఉంటుంది, బోరు ఒక్కటే ఉన్న రోజు వెయ్యికి అటూ ఇటూ, ట్యాంకరు నీరు దాని ఊరిని బట్టి. నల్గొండ వైపు బోర్లలో ఫ్లోరైడు ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే. పటాన్‌చెరు, నక్కవాగు వైపు భూగర్భ జలాల్లోకి ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరిన చరిత్ర ఉంది, ఆ రసాయనాల్లో చాలావాటిని టీడీఎస్ మీటరు పట్టుకోలేదు. అందుకే ట్యాంకరు వచ్చిన రోజు నేను తొట్టి కోసం నీళ్లు తీయను.

250, 1,000 అన్న ఈ రెండు అంకెల మధ్య తేడా ఆర్.ఓ. పొర తరవాత మాసిపోతుందనుకోవడం సహజం. ఆరోగ్యంగా ఉన్న పొర కరిగినవాటిలో 96 శాతాన్ని ఆపిందనుకుందాం. నది నీటి రోజు 10 మిగులుతుంది, బోరు నీటి రోజు 40 మిగులుతుంది. తాగేవాడికి రెండూ ఒకటే. కానీ ఆ మిగిలినదాన్ని కూడా పట్టుకుని సున్నా చేసేది డీ.ఐ. రెజిన్, దానికి ఇంత బరువే మోయగలననే హద్దు ఉంది. లీటరు రెజిన్ సుమారు 20 గ్రాముల లవణాలను పట్టుకోగలదని లెక్క వేసుకుంటే, 10 ఉన్న నీరు 2,000 లీటర్లు శుభ్రపడుతుంది, 40 ఉన్న నీరు 500 లీటర్లు మాత్రమే. భర్తీకి 240, మార్పిడికి 240, మొత్తం నెలకు 480 లీటర్లు కావాల్సిన నాబోటివాడికి మొదటిది నాలుగు నెలల రెజిన్, రెండోది ఒక్క నెలకే సరి. నీటి శుద్ధిలో ఎక్కువ ఖర్చు తినేది రెజినే కాబట్టి, ఏ రోజు నీరు తీస్తున్నామన్నదే జమాఖర్చుల్లో ప్రధానమైన పద్దు.

నా రెజిన్ డబ్బా పారదర్శకంగా ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ముదురు నీలం, వాడిన కొద్దీ కింది నుంచి తేనెరంగు పైకి పాకుతుంది. నది నీటితో నడిచిన వారాల్లో ఆ గీత కదిలినట్టే కనిపించదు. సంపు మరమ్మతు అని వారం పాటు బోరు ఒక్కటే ఇచ్చినప్పుడు అది బొటనవేలు వెడల్పు పైకి జరిగింది. మీటరు మాత్రం రెండు సందర్భాల్లోనూ సున్నాయే చూపించింది, ఎందుకంటే రెజిన్ పూర్తిగా నిండేదాకా బయటికి వచ్చే నీరు సున్నాయే. చివరి అంకె ఒక్కటే చూసేవారికి తెలియనిది ఈ గీత చెబుతుంది.

సున్నా వచ్చిందని నిశ్చింతగా ఉండలేని సంగతులు మరో రెండున్నాయి. మొదటిది కార్బన్ డయాక్సైడు. లోతు బోర్ల నీటిలో ఇది బాగా కరిగి ఉంటుంది. వాయువు కాబట్టి ఆర్.ఓ. పొర దాన్ని ఆపలేదు, మీటరూ దాన్ని సరిగా చూపదు, కానీ రెజిన్‌లో రుణావేశ అయాన్లను పట్టే సగభాగాన్ని అది చకచకా తినేస్తుంది. దీనికి విరుగుడు తేలికే. పొర దాటిన నీటిని నేరుగా రెజిన్‌లోకి పంపకుండా ఒక డ్రమ్ములో పట్టి, రాత్రంతా గాలి రాయితో బుడగలు కొట్టించి, తెల్లవారాక చిన్న పంపుతో రెజిన్ గుండా పంపితే వాయువు చాలావరకు ఎగిరిపోతుంది. రెండోది సిలికా. మన హైదరాబాదు చుట్టుపక్కల నేలంతా గ్రానైటు, ఆ రాళ్ల పగుళ్లలో నిలిచిన నీటిలో సిలికా ఉండకుండా ఎలా ఉంటుంది? డయాటములనే సూక్ష్మజీవులు తమ గుల్లలు కట్టుకోవడానికి వాడేది దాన్నే. అద్దం మీదా ఇసుక మీదా గోధుమరంగు పొడి తుడిచినకొద్దీ రెండు రోజులకే మళ్లీ పరుచుకుంటోందంటే ముందుగా అనుమానించాల్సింది సిలికానే. నిండిపోవడం మొదలైన రెజిన్ మిగతావాటి కంటే ముందు సిలికానే వదిలేస్తుంది, అది విద్యుత్తును అంతగా ప్రసరింపజేయదు కాబట్టి టీడీఎస్ మీటరు సున్నా అంటూనే ఉంటుంది. అందువల్ల నేను రెండు రెజిన్ డబ్బాలను ఒకదాని వెనుక ఒకటి పెట్టాను. మొదటిది తేనెరంగుకు తిరిగాక దాన్ని తీసేసి, రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తదాన్ని వెనక పెడతాను. సిలికా పరీక్ష కిట్టు ఖరీదైనదే అయినా, బోరు నీటి మీద ఆధారపడేవాళ్లకు అది ఉండాలి.

యంత్రం విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒత్తిడి. విదేశాల్లో అమ్మే సెట్లు వీధి గొట్టంలోని ఒత్తిడితోనే నడిచేలా ఉంటాయి. మన నీరు డాబా మీది ట్యాంకు నుంచి దిగుతుంది, పది మీటర్ల ఎత్తుకు సుమారు 14 పీఎస్ఐ మాత్రమే వస్తుంది. పైనుంచి రెండో అంతస్తులో ఉన్న మా ఇంటికి అది 8, 9 దాటదు, పొరకు కావాల్సింది 60కి తక్కువ కాదు. కాబట్టి బూస్టర్ పంపు, దానికి 24 వోల్టుల కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్., డ్రమ్ము నిండగానే ఆపే ఫ్లోట్ స్విచ్, నీరు లేనప్పుడు పంపు వట్టిగా తిరగకుండా లో ప్రెషర్ స్విచ్ కావాలి. ఇవన్నీ ఏ ఫిల్టరు మెకానిక్ సంచీలో చూసినా ఉంటాయి. పొర ముందు మట్టిని ఆపే సెడిమెంట్ ఫిల్టరు, క్లోరిన్‌ను ఆపే కార్బన్ బ్లాక్ తప్పనిసరి. తక్కువ ధరకు దొరికే గుళికల కార్బన్ కంటే బ్లాక్ మేలు, ఎందుకంటే క్లోరిన్ తగిలితే ఈ పలచని పాలియమైడ్ పొర కొద్ది కాలంలోనే పాడవుతుంది.

క్లోరిన్ గురించి ఒక్క జాగ్రత్త చెప్పాలి. అపార్టుమెంటు సంపు కడిగే రోజున లిఫ్టు పక్కన కాగితం అంటిస్తారు, అది చూడగానే యంత్రం ప్లగ్గు పీకేయండి. బ్లీచింగ్ పౌడరు వేసి కడిగాక వచ్చే మొదటి నీటిలో క్లోరిన్ ఎంత ఉంటుందో ఊహించలేం. నీటి సరఫరా సిబ్బంది దగ్గర ఉండే క్లోరోస్కోపు కిట్టు ల్యాబ్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, ముదిరినకొద్దీ క్లోరిన్ ఎక్కువన్నమాట. కార్బన్ దాటిన నీటిలో ఆ పసుపు ఛాయ కూడా ఉండకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. అక్కడ చాలా నగరాల్లో క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడతారు, మామూలు కార్బన్ దాన్ని నిదానంగా గాని విరగ్గొట్టలేదు, విరిగాక అమ్మోనియా మిగులుతుంది. వాళ్లు క్లోరమైన్ కోసమే తయారుచేసిన కార్బన్ వాడి, వెనక రెజిన్ ఎప్పుడూ తాజాగా ఉండేలా చూసుకోవాలి.

నీళ్లు తీసే వేళ కూడా ముఖ్యమే. పొర మీద రాసే 75 జీపీడీ, అంటే రోజుకు సుమారు 284 లీటర్లు, 25 డిగ్రీల నీటికి వేసిన లెక్క. నీరు వేడెక్కేకొద్దీ ఒక్కో డిగ్రీకి మూడు శాతం చొప్పున ఉత్పత్తి పెరుగుతుంది, దానితోపాటే పొర దాటి వచ్చే లవణాలూ పెరుగుతాయి. మే నెల మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నీటితో చేయి కడుక్కున్నవారెవరికైనా ఈ సంగతి వివరించనక్కర్లేదు. అందుకని నది నీరు వచ్చిన మర్నాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు టైమరుతో మొదలయ్యేలా పెట్టాను, తొమ్మిదికల్లా 60 లీటర్లు వస్తాయి. వాడకుండా ఆగిన పొరలో రెండువైపులా లవణాలు సమానమవుతూ ఉంటాయి కాబట్టి మొదటి రెండు మూడు నిమిషాల నీరు ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. దాన్ని రెజిన్‌లోకి పోనివ్వకుండా బయటికి వదిలేయాలి. ఆ చిన్న వాల్వు పెట్టుకున్నాక రెజిన్ మన్నిక పెరిగింది.

తీసిన నీటిని ఆహారానికి పనికొచ్చే కొత్త హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డ్రమ్ములో మూతపెట్టి నిలవ ఉంచుతాను. పాత సామాన్ల దుకాణంలో నీలం డ్రమ్ములు చవకగా దొరుకుతాయి గానీ వాటిలో ఇదివరకు ఏ రసాయనం ఉందో ఆ దుకాణదారుకే తెలియదు. శుద్ధమైన నీరు ఆకలిగా ఉంటుంది, ఇత్తడి కుళాయి బిగిస్తే దానిలోని రాగిని కూడా కొరుక్కుతింటుంది, అందుకే అంతా ప్లాస్టిక్ ఫిట్టింగులే. ఈ నీటి పీహెచ్ కొలిచి ఆరు లోపు ఉందని కంగారుపడేవాళ్లున్నారు, గాలిలోని కార్బన్ డయాక్సైడు కలిసి అలా చూపిస్తుందంతే, ఉప్పు కలపగానే దానంతటదే సర్దుకుంటుంది.

భర్తీ నీటిని తొట్టికి అందించే ఆటోమేటిక్ పంపు కోసం కింద 40 లీటర్ల డబ్బా పెట్టాను. ఇంకా పెద్దది పెడితే సెలవుల్లో ఊరెళ్లినా నిశ్చింత కదా అని అడుగుతారు. ఫ్లోట్ స్విచ్‌లో నత్త కూర్చుని పంపు ఆగకపోతే 40 లీటర్లూ ఒక్కసారే తొట్టిలో పడతాయి, అప్పుడు ఉప్పదనం 35 నుంచి సుమారు 33కి దిగుతుంది, చేపలు తట్టుకుంటాయి. 200 లీటర్ల డబ్బా అయితే 26కి పడిపోతుంది, రొయ్యలు తట్టుకోవు. ఆర్.ఓ. గొట్టాన్ని నేరుగా తొట్టికే కలిపేవాళ్లూ ఉన్నారు, వాళ్ల ధైర్యానికి నమస్కారం.

చివరగా, వృథా నీరు. మామూలు అమరికలో ఒక లీటరు మంచినీరు తీయడానికి మూడు లీటర్లు బయటికి పోతాయి. నెలకు 480 లీటర్లంటే 1,440 లీటర్లు మోరీ పాలు. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్.ఓ. యంత్రాలను నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పడం వెనుక ఉన్న బాధ ఇదే, ఎండాకాలంలో ట్యాంకరు కోసం అర్ధరాత్రి దాకా కాచుకునే కాలనీలో దాన్ని కొట్టిపారేయలేను. అయితే ఈ వృథా నీరు పాడైన నీరేమీ కాదు. నది నీటి రోజు అందులో 330 దాకా ఉంటుంది, మా బోరు నీటి కంటే ఎంతో నయం. దాన్ని పట్టి బాత్రూము ఫ్లష్‌కు, ఇల్లు తుడవడానికి, బాల్కనీలో కరివేపాకుకు వాడుతున్నాం. బోరు నీటి రోజు తీస్తే అది 1,320 అవుతుంది, మొక్కల ఆకుల అంచులు మాడతాయి. నది నీటి రోజునే తీయాలనడానికి ఇది ఇంకో కారణం. వృథాను తగ్గించాలని, బయటికి పోయే నీటిని అదుపుచేసే ఫ్లో రిస్ట్రిక్టరు మార్చి ఒకటికి ఒకటి పాళ్లలో నడపవచ్చని ఒక మెకానిక్ సలహా ఇచ్చాడు. బోరు నీటి సున్నంతో అలా నడిపితే పొర మీద గార కట్టి ఏడాదిలోపే మార్చాల్సి వస్తుంది. నది నీటి వరకు ఒకటికి రెండు దాకా వెళ్లవచ్చు, ఈ ఎండాకాలం నుంచి అలాగే నడుపుతున్నాను. లోపలికి వెళ్లే అంకె, పొర దాటిన అంకె రెండూ ఫిల్టరు పక్కన గోడకు తగిలించిన క్యాలెండరు మీద రాసుకుంటున్నాను. ఆపే శాతం 92 కంటే దిగిన రోజున పొర మార్చాలి, ప్రస్తుతానికి 95 దగ్గర ఉంది.